ఒకే ఇల్లు, ఒకే ఎండ, వేరు వేరు రిపోర్టులు
డి విటమిన్ మీద జీన్ల ప్రభావం – వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం

సోలాపూర్, భివండి, దొడ్డబళ్లాపురం, కంచి, ఆరణి, సేలం, బరంపురం, యానాం నుంచి చేనేత బంధువులందరూ వచ్చారు. పొద్దున్నుంచి సన్మానాలయ్యాయి, నివేదికలయ్యాయి, ఇప్పుడు వెనకాల నుంచి పప్పుచారు వాసన వస్తోంది. అయినా మీరింతమంది కూర్చున్నారు. కాబట్టి సాగదీయను.

నేను కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పి రిటైరైనదాన్ని. డాక్టర్ని కాను. మా నాయన సాంచాల కార్ఖానాలో పనిచేశారు, అమ్మ ఇంట్లో బీడీలు చుట్టేది. ఇద్దరికీ నలభై దాటేసరికి నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి. "కూర్చుని చేసే పని, ఇంకేం వస్తది?" అనేది అమ్మ. ఆ రోజుల్లో డి విటమిన్ పరీక్ష అనేది మా పేటలో ఎవరూ వినలేదు. ఇప్పుడు ప్రతి ల్యాబ్‌లో చేస్తున్నారు, ప్రతి ఇంట్లో ఒక రిపోర్టు ఉంది. ఆ రిపోర్టులు పట్టుకునే మనవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "అక్కా, మేమిద్దరం అన్నదమ్ములం. ఒకే ఇల్లు, ఒకే తిండి, ఎదురెదురు మగ్గాలు. వాడికి 21 వచ్చింది, నాకు 9 వచ్చింది. ఎందుకు?"

మంచి ప్రశ్న. దీనికి రెండు తప్పుడు జవాబులు మన మధ్య తిరుగుతున్నాయి. ఒకటి, "ఇది మన రక్తంలోనే ఉంది, మనం చేసేదేం లేదు" అని. రెండోది, "అందరికీ ఒకటే, పొడి ప్యాకెట్లు తెచ్చి ఇంటిల్లిపాదీ తాగండి" అని. మొదటిదాన్ని నమ్మినవాళ్లు నొప్పులతోనే బతుకుతారు. రెండోదాన్ని నమ్మినవాళ్లలో కొందరు కిడ్నీలు పాడు చేసుకుంటారు. ఈ రెండింటి మధ్య నిజం ఎక్కడుందో చెప్పడానికే వచ్చాను.

ముందు డి విటమిన్ ఒంట్లో ఎలా తయారవుతుందో చూద్దాం. నూలు ఒక్కరి చేతిలో చీర కాదు కదా. ఆసు పోసేవారు ఒకరు, రంగు వేసేవారు ఒకరు, కండెలు చుట్టేవారు ఒకరు, నేసేవారు ఒకరు. డి విటమిన్ కూడా అంతే, మూడు నాలుగు చేతులు మారుతుంది.

మన చర్మంలో కొలెస్ట్రాల్‌కు ముందు దశ పదార్థం ఒకటి ఉంటుంది. ఎండలోని యూవీ-బి కిరణాలు దాని మీద పడితే అది డి విటమిన్‌గా మారుతుంది. కానీ ఆ రూపం పనికి రాదు. అది రక్తంలోకి వచ్చి, ఒక ప్రొటీన్ బండి ఎక్కి, లివర్‌కు వెళ్తుంది. లివర్లో దానికి మొదటి మార్పు జరుగుతుంది. ల్యాబ్‌లో మనకు కొలిచేది ఈ లివర్ రూపాన్నే. తర్వాత కిడ్నీలో రెండో మార్పు. అప్పుడు అది అసలు పని చేసే హార్మోన్ అవుతుంది, పేగుల్లో నుంచి కాల్షియాన్ని ఒంట్లోకి లాగుతుంది. పని అయిపోయాక దాన్ని విరిచి పారేసే ఎంజైమ్ వేరే ఉంది.

ఈ దారిలో ప్రతి మెట్టు దగ్గర ఒక పనివాడున్నాడు. ఆ పనివాణ్ణి ఎలా తయారు చేయాలో చెప్పే రాత జీన్. తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి మనకు వస్తాయి. ఆ రాతలో ఒక్క అక్షరం తేడా ఉంటే పనివాడు కాస్త చురుగ్గానో, కాస్త నెమ్మదిగానో ఉంటాడు. రోగం అనేంత తేడా కాదు. మన నేతగాళ్లలో రోజుకు రెండు గజాలు నేసేవాళ్లు, గజంన్నర నేసేవాళ్లు ఉన్నట్టు.

2010లో లాన్సెట్ పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. యూరప్, కెనడా, అమెరికాలలోని 15 బృందాల నుంచి యూరప్ సంతతి వాళ్లను దాదాపు 34,000 మందిని తీసుకుని, వాళ్ల జీన్లన్నీ జల్లెడ పట్టి, ఎక్కడి తేడా వల్ల డి విటమిన్ తగ్గుతోందో వెతికారు. ముఖ్యంగా మూడు చోట్లు గట్టిగా బయటపడ్డాయి. మూడూ ఇందాక నేను చెప్పిన దారిలోవే కావడం విశేషం.

మొదటిది జీసీ అనే జీన్. డి విటమిన్‌ను రక్తంలో మోసే బండి ప్రొటీన్ ఇదే తయారు చేస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం దీనిదే. బండ్లు తక్కువైతే సరుకు కూడా రిపోర్టులో తక్కువగానే కనబడుతుంది. రెండోది డీహెచ్‌సీఆర్7. చర్మంలో ఉన్న ముడి సరుకును కొలెస్ట్రాల్‌గా మార్చేసేది ఇది. అంటే ఒకే నూలు కోసం ఇద్దరు షావుకార్లు పోటీ పడ్డట్టు. కొలెస్ట్రాల్ షావుకారు ఎక్కువ పట్టుకుపోతే డి విటమిన్‌కు మిగిలేది తక్కువ. మూడోది సీవైపీ2ఆర్1, లివర్లో మొదటి మార్పు చేసే ఎంజైమ్ తాలూకు జీన్. ఈ మూడింటిలోనూ తక్కువ వైపు అక్షరాలు ఎక్కువ పోగైనవాళ్లకు, మిగతావాళ్లతో పోలిస్తే డి విటమిన్ లోటు అవకాశం రెండు, రెండున్నర రెట్లు కనిపించింది.

అన్నదమ్ముల ప్రశ్నకు సగం జవాబు ఇక్కడుంది. ఒకే తల్లిదండ్రుల బిడ్డలైనా ఇద్దరికీ ఒకే ప్రతులు రావు. అన్నకు నాన్న నుంచి మంచి బండి వచ్చి ఉండొచ్చు, తమ్ముడికి అదే నాన్న దగ్గరున్న రెండో ప్రతి వచ్చి ఉండొచ్చు. సగటున అన్నదమ్ములు సగమే పంచుకుంటారు. ఆస్తి పంపకాల మాట వేరే, అది మీకు తెలిసిందే.

2020లో బ్రిటన్ బయోబ్యాంక్‌లోని 4,17,580 మందిని చూస్తే, డి విటమిన్‌ను కదిలించే చోట్లు 143 దొరికాయి. వాటిలో చర్మానికి సంబంధించినవి కూడా ఉన్నాయి. చర్మంలో సహజంగా గొడుగులా పనిచేసే యూరోకానిక్ ఆమ్లం అనే పదార్థాన్ని తయారు చేసే జీన్ అందులో ఒకటి. కానీ అసలు సంగతి ఇది. తెలిసిన సాధారణ జీన్ తేడాలన్నీ కలిపి లెక్కేసినా, మనిషికీ మనిషికీ మధ్య ఉన్న డి విటమిన్ తేడాలో అవి వివరించింది సుమారు 13 శాతమే. మిగతాది ఎండ, వయసు, బరువు, తిండి, పని, బట్ట, ఊరు, ఇంకా పెద్ద లెక్కల్లో పట్టుబడని అరుదైన జీన్ తేడాలు.

కవల పిల్లల మీద చేసిన పరీక్షల్లో వారసత్వం వాటా ఎక్కువ వస్తుంది. అయితే అక్కడ ఒక తమాషా ఉంది. స్వీడన్ కవలల్లో 2009లో చూస్తే, ఎండాకాలంలో దాదాపు సగం తేడా జీన్ల వల్లే అని తేలింది, చలికాలంలో జీన్ల ప్రభావం కనబడలేదు. ఆ మరుసటి ఏడే అమెరికాలో మగ కవలల్లో చూస్తే సరిగ్గా తిరగబడింది. చలికాలంలో 70 శాతం జీన్లది, ఎండాకాలంలో ఏమీ లేదు. పిల్లలకు ఈ రెండూ పక్కపక్కన రాసి చూపిస్తే తెల్లబోయేవారు. ఇందులో వైరుధ్యం లేదు. జీన్ల వాటా అనేది జీన్ల మీద అచ్చు వేసిన అంకె కాదు, ఆ ఊరు, ఆ రుతువు, ఆ జనం బట్టి మారే అంకె. అందరికీ ఎండ సమానంగా దొరికితే మిగిలే తేడా జీన్లదే అవుతుంది. కొందరికి ఎండ, కొందరికి చీకటి అయితే తేడా అంతా ఎండదే అవుతుంది. పడుగు ఎంత నాణ్యమైనదో తెలియాలంటే పేక అందరికీ ఒకటే ఇచ్చి చూడాలి కదా.

ఇక మన దేశం సంగతి. ఈ పెద్ద లెక్కలన్నీ తెల్లవాళ్లవి. మన అక్షరాలు కొన్ని వాళ్లవే, కొన్ని వేరు. 2016లో పంజాబీ సిక్కుల మీద ఇలాంటి జల్లెడే పట్టి చూశారు. 20వ క్రోమోజోమ్ మీద, ఫాక్స్ఏ2 అనే జీన్ దగ్గర, యూరప్ వాళ్లలో బయటపడని కొత్త చోటు ఒకటి కనబడింది. అందుకే విదేశీ కంపెనీ జీన్ పరీక్ష చేసి "మీకు డి విటమిన్ ముప్పు ఇంత శాతం" అని రంగు రంగుల కాగితం ఇస్తే, అది ఎవరి లెక్కల మీద కట్టిన శాతమో ముందు అడగాలి. వేల రూపాయలు పెట్టి ఆ పరీక్ష చేయించుకోవడం నా దృష్టిలో దండగ. మామూలు రక్తపరీక్షలో వచ్చే ఒక్క అంకె ఆ కాగితం కన్నా మీకు ఎక్కువ చెబుతుంది.

మన చర్మం రంగు కూడా జీన్లదే. నల్లటి చర్మంలో మెలనిన్ ఎక్కువ, అది ఎండకు అడ్డం. అందుకని మనకు తెల్లవాళ్ల కన్నా ఎక్కువసేపు ఎండ కావాలి. కానీ దీన్ని శాపంగా చూడకండి. మన దగ్గర ఎండకు కొదవ లేదు. కంచి నుంచి బరంపురం దాకా మన ఊళ్లన్నీ 20వ అక్షాంశానికి దక్షిణానే ఉన్నాయి. ఏడాది పొడుగునా డి విటమిన్ తయారయ్యేంత ఎండ ఇక్కడ పడుతుంది. స్వీడన్ వాడికి చలికాలంలో ఆ అవకాశమే లేదు.

మరి ఇంత ఎండలో మనకు లోటెందుకు? దీనికి మన తిరుపతిలోనే పని జరిగింది. అక్కడి స్విమ్స్ పరిశోధకులు పట్నంవాళ్లను, పల్లెవాళ్లను పోల్చి 2007లో ప్రచురించారు. రోజంతా పొలంలో పనిచేసే పల్లె మగవాళ్లలో డి విటమిన్ పట్నంవాళ్ల కన్నా ఎక్కువ. రెండు చోట్లా తిండిలో కాల్షియం మాత్రం తక్కువే. ఢిల్లీలో ఎయిమ్స్ వాళ్లు 2000లో చూసినప్పుడు కూడా, బయట ఎక్కువగా ఉండే సైనికులకు మిగతావాళ్ల కన్నా మెరుగ్గా ఉంది. వీళ్ల జీన్లు, పక్కనున్న ఆఫీసు ఉద్యోగుల జీన్లు వేరు వేరు జాతులవి కావు. పని చోటు వేరు, అంతే.

తిరుపతి వాళ్లే ఇంకో సంగతి కూడా తేల్చారు. అక్కడ చర్మంలో డి విటమిన్ తయారు చేయగల ఎండ ఉండేది పగలు సుమారు 11 నుంచి 2 గంటల మధ్య. పొద్దునా సాయంత్రం ఎండలో యూవీ-బి చాలా పలచన.

ఇది విన్నప్పుడు నాకు మన వీధులు గుర్తొచ్చాయి. మన పనిలో బయట చేసేదేముంది? పడుగు వీధిలో సాపి గంజి పెట్టడం. అది ఎప్పుడు చేస్తాం? తెల్లవారుజామున, ఎండ ముదిరితే గంజి గబగబా ఆరి పోగులు తెగుతాయని. అంటే మనం ఎండలోకి వచ్చే ఆ ఒక్క పనీ డి విటమిన్ లేని ఎండలో. తొమ్మిది దాటేసరికి గుంట మగ్గంలోకి దిగిపోతాం. పట్టు నేసేవాళ్లయితే మరీ, తేమ పోకుండా కిటికీలు కూడా మూసేస్తారు. సాంచాల కార్ఖానాలో పగలూ రాత్రీ తేడా లేదు, ట్యూబులైటే సూర్యుడు. నైట్ షిఫ్ట్ చేసినవాడు ఆ 11 నుంచి 2 మధ్య నిద్రలో ఉంటాడు. ఆడవాళ్లు ఇంట్లో రాట్నం ముందో, బీడీ చేట ముందో. కిటికీ అద్దంలోంచి ఎండ పడుతోంది కదా అంటారు కొందరు. అద్దం వెలుగును రానిస్తుంది, వేడిని రానిస్తుంది, యూవీ-బిని ఆపేస్తుంది.

కాబట్టి మన వృత్తి మనల్ని అంచుకు తెచ్చి నిలబెడుతుంది. అంచున నిలబడ్డవాళ్లలో ఎవరు ముందు జారుతారో జీన్లు నిర్ణయిస్తాయి. అన్నదమ్ముల ప్రశ్నకు మిగతా సగం జవాబు ఇదే. పొలంలో పనిచేసే ఇద్దరు అన్నదమ్ములకు ఇవే అక్షరాలుంటే ఒకరికి 24, ఒకరికి 32 రావచ్చు, ఎవరూ పట్టించుకోరు. 20 దాటితే చాలామందికి ఎముకలకు చాలినంత ఉన్నట్టే. మగ్గం గుంటలో కూర్చున్న ఇద్దరికి 9, 21 వస్తే తేడా నొప్పిగా కనబడుతుంది.

ఇంకో పాత్ర బరువుది. డి విటమిన్ కొవ్వులో దాక్కుంటుంది. 2013లో జీన్లను ఆధారం చేసుకుని లెక్క తేల్చారు. బరువు పెరిగితే రక్తంలో డి విటమిన్ తగ్గుతుంది. డి విటమిన్ తగ్గడం వల్ల బరువు పెరగడం మాత్రం కనబడలేదు. "డి తక్కువుంది కాబట్టి లావవుతున్నా" అనే మా వదినకు ఇది చెప్పాను, ఆమెకు నచ్చలేదు.

మందు విషయానికొద్దాం. ఒకే మోతాదు అందరికీ ఒకేలా పని చేస్తుందా అంటే, చేయదు. డెన్మార్క్‌లో చలికాలమంతా కొన్ని కుటుంబాలకు డి విటమిన్ కలిపిన రొట్టె, పాలు ఇచ్చి చూశారు. ఒకే వంటింటి తిండి. అయినా జీసీ, సీవైపీ2ఆర్1 జీన్లలో తక్కువ వైపు అక్షరాలున్నవాళ్లు చలికాలం చివరికి కూడా తక్కువలోనే ఉన్నారు. దీన్నుంచి మనకు పనికొచ్చేది ఒకటే. "మా అన్న ఎనిమిది వారాలు వాడాడు, నేనూ అంతే" అని ఆపకండి. కోర్సు అయ్యాక మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించుకోండి. అంకె కదలకపోతే డాక్టర్‌కు చెప్పండి, మోతాదు మార్చే పని ఆయనది.

ఇప్పుడు ప్యాకెట్ల సంగతి. మన దగ్గర దొరికే పొడి ప్యాకెట్లో, గుళికలో ఉండేది సాధారణంగా 60,000 యూనిట్లు. మన ఐసీఎంఆర్ 2020లో చెప్పిన రోజువారీ అవసరం 600 యూనిట్లు. అంటే ఒక్క ప్యాకెట్ వంద రోజుల సరుకు. అందుకే లోటున్నవాళ్లకు కూడా డాక్టర్లు వారానికొకటి చొప్పున, కొన్ని వారాలకే రాస్తారు. మనవాళ్లు చీటీ సరిగా చదవక, లేదా నొప్పి త్వరగా పోవాలని, రోజుకొకటి తాగేస్తారు. అప్పుడు రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది. విపరీతమైన దాహం, వాంతులు, మలబద్ధకం, మాట తడబడటం, చివరికి కిడ్నీ దెబ్బతినడం. మందులషాపులో చీటీ లేకుండా అడిగి తెచ్చుకుని నెలల తరబడి వాడేవాళ్లకూ ఇదే ముప్పు.

ఇక్కడ కూడా జీన్ ఒకటి దాక్కుని ఉంది. ఇందాక, పని అయిపోయాక డి విటమిన్‌ను విరిచి పారేసే ఎంజైమ్ ఉందన్నాను కదా. దాని జీన్ పేరు సీవైపీ24ఏ1. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో పసిపిల్లల పాలపొడిలో, తిండిలో డి విటమిన్ దండిగా కలిపారు. ఎక్కువమంది పిల్లలు బాగానే ఉన్నారు. కొందరు మాత్రం కాల్షియం పెరిగి, వాంతులతో, ఎదుగుదల లేక జబ్బు పడ్డారు. 1950ల్లో మోతాదు తగ్గించేశారు. ఒకే పాలపొడి తాగి కొందరే ఎందుకు జబ్బుపడ్డారన్నది అర్ధ శతాబ్దం పాటు చిక్కుముడిగానే ఉంది. 2011లో అలాంటి జబ్బుతో వచ్చిన పసిపిల్లల్లో ఈ విరిచే ఎంజైమ్ జీన్ రెండు ప్రతులూ పాడై ఉన్నట్టు తేలింది. సరుకు వస్తూనే ఉంది, పారేసేవాడు లేడు. ఇలాంటివాళ్లు చాలా అరుదు. కానీ ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే మళ్లీ మళ్లీ కిడ్నీరాళ్లు వస్తుంటే, రక్తంలో కాల్షియం చూడకుండా వాళ్లకు పెద్ద మోతాదు డి విటమిన్ ఇవ్వొద్దు.

డి విటమిన్ సర్వరోగ నివారిణి అని వాట్సాప్‌లో తిరిగే మాటలకు కూడా ఒక్క వాక్యం. అమెరికాలో 25,871 మందికి ఐదేళ్లకు పైగా, సగం మందికి రోజుకు 2,000 యూనిట్లు, సగం మందికి ఉత్తి మాత్ర ఇచ్చి చూశారు. క్యాన్సర్ గానీ, గుండెజబ్బు గానీ, ఎముకలు విరగడం గానీ తగ్గలేదు. వాళ్లలో ఎక్కువమందికి మొదట్లోనే లోటు లేదు, అది గుర్తుంచుకోవాలి. లోటున్నవాడికి మందు మేలు చేస్తుంది. లేనివాడికి అది ఖర్చు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న చోటికి వచ్చాను. పెద్దలు కొంచెం ఓపిగ్గా వినాలి, ఎందుకంటే ఇది మన పెళ్లిళ్ల సంగతి.

ఇంతసేపూ చెప్పినవి చిన్న అక్షర తేడాలు. చాలా అరుదుగా పనివాడు పూర్తిగా లేకుండా పోయే జబ్బులున్నాయి. కిడ్నీలో రెండో మార్పు చేసే ఎంజైమ్ జీన్, సీవైపీ27బీ1, రెండు ప్రతులూ పాడైతే బిడ్డకు ఎండ ఉన్నా, తిండి ఉన్నా, పొడి ప్యాకెట్లు తాగించినా రికెట్స్ వస్తుంది. నడిచే వయసులో కాళ్లు వంగిపోతాయి, నడక ఆలస్యమవుతుంది, కొందరికి ఫిట్స్ వస్తాయి. ఇంకో రకంలో, డి విటమిన్‌ను అందుకోవలసిన గ్రాహకం జీన్, వీడీఆర్, పాడవుతుంది. ఆ పిల్లల్లో కొందరికి తల మీద జుట్టు కూడా ఉండదు. ఈ రెండు రకాల్లోనూ తల్లిదండ్రులు ఆరోగ్యంగా ఉంటారు. ఇద్దరి దగ్గరా ఒక్కో పాడైన ప్రతి, ఒక్కో మంచి ప్రతి. ఇద్దరి పాడైన ప్రతులూ ఒకే బిడ్డకు చేరితేనే జబ్బు. ప్రతి కాన్పుకూ ఆ అవకాశం నాలుగింట ఒక వంతు.

అలాంటి ఇద్దరు ఒకటవడానికి మన ఆచారాల్లో దారి ఎక్కువ. మేనత్త, మేనమామ పిల్లలు జీన్లలో ఎనిమిదో వంతు పంచుకుంటారు. మేనమామా, అక్క కూతురూ అయితే నాలుగో వంతు. నేను మేనరికాలను తిట్టడానికి రాలేదు. మా అమ్మానాన్నలదీ మేనరికమే. పొరుగు రాష్ట్రంలో, వేరే భాష మధ్య బతికే కుటుంబాలు పిల్లను తెలిసిన గడపకు ఇవ్వాలనుకోవడం నాకు అర్థమవుతుంది.

కానీ మేనరికం చేసుకోనివాళ్లు కూడా నిశ్చింతగా ఉండటానికి లేదు. కెనడాలోని క్యుబెక్‌లో సాగెనే అనే ప్రాంతం ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో పక్క ప్రాంతం నుంచి కొద్ది కుటుంబాలు అక్కడికి వలస వచ్చి స్థిరపడ్డాయి. వాళ్లు వాళ్లలోనే పెరిగారు. ఇప్పుడు ఆ ప్రాంతంలో దాదాపు ప్రతి 26 మందిలో ఒకరి దగ్గర సీవైపీ27బీ1 పాడైన ప్రతి ఉంది. మిగతా ప్రపంచంలో అత్యంత అరుదైన రికెట్స్ అక్కడ డాక్టర్లకు పరిచయమైన జబ్బు. వాళ్లు దగ్గర చుట్టాలను చేసుకున్నందువల్ల కాదిది. మొదట వచ్చిన కొద్దిమందిలో ఎవరి దగ్గరో ఆ ప్రతి ఉండటం వల్ల.

కొద్ది కుటుంబాలు వలస వచ్చి, ఒక పేటలో స్థిరపడి, తమలో తామే సంబంధాలు కలుపుకుని పెరగడం. ఈ కథ మనకు కొత్తదా? హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అమెరికా వాళ్లతో కలిసి 2017లో ప్రచురించిన పరిశోధనలో, దక్షిణాసియాలోని 263 సమూహాలను చూస్తే 81 సమూహాల్లో ఈ 'కొద్దిమంది పూర్వీకులు' ముద్ర ఫిన్లాండ్ జనంలో కన్నా బలంగా ఉంది. మన వైశ్య సోదరుల్లో మత్తుమందుతో ఇచ్చే ఒక కండరాల మందు పడకపోవడం ఎక్కువగా కనబడటానికి కారణం ఇదే అని అందులోనే ఉదాహరణగా చెప్పారు. ఆ విషయం తెలిసిన డాక్టరు ఆపరేషన్‌కు ముందే జాగ్రత్త పడతాడు. తెలియడం వల్ల లాభం అది. ఆ వైశ్య కుటుంబాలు తలదించుకోలేదు, దించుకోవలసిన పనీ లేదు.

కాబట్టి నా విన్నపం రెండు విషయాల్లో. మొదటిది, కాళ్లు వంగిన బిడ్డను దాచొద్దు. "దొడ్డికాళ్లు, పెద్దయితే సర్దుకుంటాయి" అని రెండేళ్లు దాటాక కూడా ఊరుకోవద్దు, ఆడపిల్లయితే పెళ్లి కాదేమోనని అసలే దాచొద్దు. పిల్లల రికెట్స్‌లో ఎక్కువ భాగం మామూలు డి విటమిన్, కాల్షియం లోటే, మందుతో తేలిగ్గా నయమవుతుంది. సరైన మోతాదు ఇచ్చినా ఎక్స్‌రేలో మార్పు రాకపోతే అప్పుడు జీన్ల రకం అని అనుమానించి, పెద్దాసుపత్రిలో పిల్లల ఎండోక్రైనాలజీ విభాగానికి తీసుకెళ్లాలి. అక్కడ కాల్షియంతో పాటు ఫాస్ఫరస్ కూడా చూస్తారు. మూత్రంలో ఫాస్ఫరస్ పోయే ఇంకో వంశపారంపర్య రికెట్స్ ఉంది, అది తండ్రికి ఉంటే కూతుళ్లందరికీ వస్తుంది, కొడుకులకు రాదు. దాని మందు వేరు. కిడ్నీ ఎంజైమ్ లేని బిడ్డకైతే, కిడ్నీ తయారు చేయాల్సిన చివరి రూపాన్నే, కాల్సిట్రియాల్ అంటారు, చిన్న మోతాదులో రోజూ ఇస్తారు. ఆ పిల్లలు మామూలుగా పెరుగుతారు. బడికి వెళ్తారు, మగ్గం ఎక్కుతారు, పెళ్లిళ్లు చేసుకుంటారు. పొడి ప్యాకెట్ల మీద ప్యాకెట్లు తాగిస్తూ ఐదేళ్లు పోగొట్టుకుంటే మాత్రం వంగిన కాలు వంగినట్టే ఉంటుంది, ఆపరేషన్ దాకా వస్తుంది.

రెండోది, సంబంధం మాట్లాడేటప్పుడు గోత్రం, ఇంటిపేరు అడుగుతాం. దాంతో పాటు ఇరువైపులా చిన్నతనంలో కాళ్లు వంగినవాళ్లు, ఫిట్స్ వచ్చి పోయిన పిల్లలు, చిన్న వయసులోనే కిడ్నీరాళ్లు వచ్చినవాళ్లు ఉన్నారా అని కూడా ఒక మాట అడగండి. ఉంటే సంబంధం వదులుకోవాలని కాదు. డాక్టరు దగ్గర జెనెటిక్ కౌన్సెలింగ్ చేయించుకుని, బిడ్డ పుట్టినప్పుడు ముందే చూసుకోవడానికి. మన సమాఖ్య పెళ్లి సంబంధాల పుస్తకం వేస్తోంది కదా, ఏ ఇంటిపేరు ఏ ఊరి నుంచి ఎప్పుడు వచ్చిందో ఆ పుస్తకంలో ఉంది. డాక్టర్లకు అది బంగారం లాంటి సమాచారం. మనం దాన్ని జాతకాలకు మాత్రమే వాడుతున్నాం.

మిగతాది మామూలు జాగ్రత్తే. పదకొండు దాటాక మగ్గం దిగి, టీ తాగే ఆ అరగంట నీడలో కాక ఎండలో నిలబడండి, చేతులు, మెడ, వీలైతే వీపు ఎండకు తగలనివ్వండి. మే నెలలో సోలాపూర్ మధ్యాహ్నం అయితే పది నిమిషాలకే లోపలికి రండి, వడదెబ్బ తెచ్చుకుని నా పేరు చెప్పొద్దు. నైట్ షిఫ్ట్ వాళ్లు, బయటకు రాలేని ముసలివాళ్లు, గర్భిణులు పరీక్ష చేయించుకుని డాక్టర్ చెప్పిన మోతాదు వాడాలి. కాల్షియం లేకుండా ఒట్టి డి విటమిన్ సగం పనే చేస్తుంది. దొడ్డబళ్లాపురం వాళ్లకు రాగిముద్ద ఉంది, యానాం, బరంపురం వాళ్లకు చేపలున్నాయి, మనందరికీ పాలు, పెరుగు, నువ్వులు, మునగాకు ఉన్నాయి.

భోజనాల తర్వాత కింద హాల్లో కూర్చుంటాను. రిపోర్టులు తెచ్చుకున్నవాళ్లు చూపించండి, అందులో అంకెలేమిటో చదివి చెబుతాను. మందు మాత్రం రాయను, ముందే చెప్పాను, నేను డాక్టర్ని కాను. సెలవు.